ఇరవై వేలన్నారు, పదహారు వేలే పడ్డాయి: మొదటి పే స్లిప్‌లో కోతల లెక్క

ఆమధ్య ఒకటో తారీఖు రాత్రి మా అక్క కూతురు ఫోన్ చేసింది. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతూనే విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక షోరూంలో బిల్లింగ్ కౌంటర్‌లో చేరింది, చేరి సరిగ్గా నెల. మొదటి జీతం పడిన సంతోషంతో చేసిందేమో అనుకున్నాను గానీ గొంతు చూస్తే ఏడుపొక్కటే తక్కువ. "మావయ్యా, ఆఫర్ లెటర్లో ఏడాదికి 2,40,300 అని రాశారు, అంటే నెలకు 20,025 కదా? అకౌంట్లో 16,275 పడ్డాయి. మిగతా 3,750 పన్ను కింద పట్టుకున్నారని పక్క కౌంటర్ అమ్మాయి చెప్పింది. అంత పన్నా?"

పే స్లిప్ ఫొటో పంపమన్నాను. చూస్తే, ఆ 3,750లో నిజంగా పన్ను అనదగ్గది 150 రూపాయలు. మిగతాదంతా పన్ను కాదు. అందులో చాలా భాగం ఆ పిల్ల పేరు మీదే ఎక్కడో జమ అవుతోంది.

ఈ గందరగోళం ఆమె ఒక్కదానిదే కాదు. కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) వచ్చాక "చేతికొచ్చే జీతం తగ్గిపోతుందట" అన్న టెన్షన్ ఒకటి, "12 లక్షల దాకా పన్ను లేదన్నారుగా, మరి నాకెందుకు పట్టుకున్నారు" అన్న కోపం ఒకటి, రెండూ కలిసి ఇప్పుడు మొదటి జీతం తీసుకునే పిల్లలందరి బుర్రలూ వేడెక్కిపోతున్నాయి. నేను అకౌంట్స్ పనిలో కొన్నేళ్లు గడిపినవాణ్ని కాబట్టి గుంటూరు బ్రాడీపేటలో మా వీధి పిల్లలు పే స్లిప్‌లు పట్టుకుని నా దగ్గరికే వస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

సీటీసీ, గ్రాస్, చేతికొచ్చేది: మూడూ మూడు వేర్వేరు అంకెలు

మా నాన్న మిరప రైతు. గుంటూరు యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) అమ్మాక చేతికిచ్చే తక్‌పట్టీని, అంటే లెక్క చీటీని, ఆయన ఎలా చదువుతాడో పే స్లిప్‌నూ అలాగే చదవాలంటాను నేను. పైన మొత్తం ధర, కింద కమీషన్, హమాలీ, తరుగు (తూకంలో తీసేసే కోత), ఆఖర్న మిగిలింది. క్వింటా ఎంతకు పోయింది అని అడిగితే పై అంకె చెబుతాడు, ఇంటికెంత తెచ్చావు అంటే కింది అంకె. జీతంలో చిక్కేమిటంటే, ఆ పై అంకెకు కూడా పైన ఇంకో అంకె ఉంటుంది.

దాన్నే సీటీసీ అంటారు, మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. ఇందులో మీ జీతంతో పాటు మీ తరఫున కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) వాటా, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వాటా, కొన్ని చోట్ల గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం), ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలిపేస్తారు. ఆఫర్ లెటర్‌లో లావుగా కనిపించేది ఈ అంకె. దాని కింద గ్రాస్, అంటే బేసిక్ (మూల వేతనం), ఇంటి అద్దె అలవెన్సు, ఇతర అలవెన్సులు అన్నీ కలిపిన అసలు జీతం. ఆ గ్రాస్‌లోంచి మీ వాటా కోతలు పోగా మిగిలింది చేతికొచ్చేది, దీన్నే నెట్ అనీ టేక్ హోం అనీ అంటారు. బంధువులకు సీటీసీ చెప్పుకుని, అద్దె మాత్రం నెట్‌లోంచి కట్టుకుంటాం.

ఆ 3,750 ఎటు పోయింది

మా మేనకోడలి స్లిప్‌నే తీసుకుందాం. బేసిక్ 12,000, ఇంటి అద్దె అలవెన్సు 4,000, ఇతరాలు 2,000. గ్రాస్ 18,000.

ఆమె వాటా కోతలు: పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ గ్రాస్ మీద 0.75 శాతం, 135. వృత్తి పన్ను 150. మొత్తం 1,725. 18,000లో ఇది తీసేస్తే 16,275, అకౌంట్లో పడింది అదే.

మరి 20,025 ఎక్కడిది? కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ ఇంకో 1,440, ఈఎస్ఐ 3.25 శాతం చొప్పున 585, రెండూ కలిపి 2,025. దీన్ని 18,000కు కలిపి సీటీసీ అని చూపించారు. ఇది ఆమె చేతికి ఎప్పుడూ వచ్చేది కాదు, కాబట్టి "పట్టుకున్నారు" అనడానికీ లేదు. కానీ ఆఫర్ లెటర్‌లో "జీతం" అనే మాట కింద రాశారు కాబట్టి పోయినట్టే అనిపిస్తుంది. ఇక్కడ నాకు కంపెనీల మీద కాస్త కోపమే. పిల్లలకు మొదటి రోజే కూర్చోబెట్టి ఈ రెండు అంకెలూ విడివిడిగా చెబితే సరిపోయేదానికి, నెలాఖరు దాకా ఆగి వాళ్లను ఏడిపించడం ఎందుకు?

ఇప్పుడు ఆ 3,750ని ఇంకో రకంగా విడగొట్టి చూడండి. రెండు పీఎఫ్ వాటాలూ కలిపి 2,880, ఆమె పేరు మీదే. రెండు ఈఎస్ఐ వాటాలూ కలిపి 720, వైద్య బీమా. మిగిలిన 150, రాష్ట్ర ప్రభుత్వానికి వృత్తి పన్ను. ఆదాయపు పన్ను? సున్నా.

పీఎఫ్: స్లిప్‌లో కోత, పాస్‌బుక్‌లో పొదుపు

20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పీఎఫ్ తప్పనిసరి. ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం. ఉద్యోగి వాటా మొత్తం పీఎఫ్ ఖాతాకే వెళుతుంది. యజమాని వాటా మాత్రం రెండుగా చీలుతుంది, 8.33 శాతం పెన్షన్ పథకానికి, మిగిలిన 3.67 శాతం పీఎఫ్‌కు. మా మేనకోడలి విషయంలో కంపెనీ కట్టిన 1,440లో సుమారు 1,000 పెన్షన్‌కు, 440 పీఎఫ్‌కు. అంటే నెల నెలా పాస్‌బుక్‌లో వడ్డీ వచ్చే ఖాతాలో పడేది 1,880, పెన్షన్ గడిలో కనిపించేది 1,000. ఆ పెన్షన్ డబ్బుకు వడ్డీ లెక్క ఉండదు, కనీసం 10 ఏళ్ల సర్వీసు పూర్తయితే 58 ఏళ్లకు నెలవారీ పెన్షన్ వస్తుంది. పీఎఫ్ భాగానికి 2024-25కు 8.25 శాతం వడ్డీ ప్రకటించారు.

ఇక 15,000 అనే అంకె గుర్తు పెట్టుకోవాలి. 2014 సెప్టెంబర్ నుంచి చట్టం ప్రకారం పీఎఫ్ లెక్కకు జీతం పరిమితి ఇదే. బేసిక్ 30,000 ఉన్నా కంపెనీ 15,000 మీదే 12 శాతం, అంటే 1,800 కట్టి ఊరుకోవచ్చు, లేదా మొత్తం బేసిక్ మీద కట్టనూవచ్చు. అందుకే ఒకే జీతమున్న ఇద్దరు స్నేహితుల స్లిప్‌లలో పీఎఫ్ అంకెలు వేర్వేరుగా కనిపిస్తాయి, ఇద్దరివీ తప్పు కాదు.

బేసిక్ అంటే ఏమిటన్నదే పెద్ద గొడవ. పీఎఫ్ భారం తగ్గించుకోవడానికి చాలా సంస్థలు బేసిక్‌ను చిన్నది చేసి, మిగతాదాన్ని "స్పెషల్ అలవెన్సు" అని పేరు పెట్టి పక్కన పెట్టేవి. అందరికీ ఒకేలా, క్రమం తప్పకుండా ఇచ్చే అలవెన్సులు కూడా పీఎఫ్ లెక్కలోకి రావాల్సిందేనని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటి అద్దె అలవెన్సు మాత్రం చట్టంలోనే బయట ఉంది. ఆ తీర్పు ప్రకారం చూస్తే మా మేనకోడలి స్లిప్‌లో "ఇతరాలు 2,000" అందరికీ ఇచ్చేదైతే, పీఎఫ్ 12,000 మీద కాదు, 14,000 మీద పడాలి, అంటే 1,680. అలా కట్ చేసి ఉంటే పిల్ల ఇంకో 240 తగ్గిందని ఇంకాస్త ఏడ్చేది, అది వేరే సంగతి.

ఈ పొదుపు తప్పనిసరి చేయడం న్యాయమా అన్నదాని మీద రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. 18,000 జీతంలో హాస్టల్ ఖర్చు, బస్ పాస్, చదువు అప్పు పోగా మిగిలేదెంత, ఈ వయసులో చేతిలో ఉన్న 1,440 ఎప్పుడో చేతికొచ్చే లక్షల కంటే విలువైంది అంటారు ఒకరు. చేతికిస్తే ఎవరూ దాచరు, పైగా యజమాని వాటా అనేది ఈ చట్టం ఉండబట్టే వస్తోంది, లేకపోతే అదీ ఉండదు అంటారు ఇంకొకరు. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే ఆ డబ్బు పన్ను లెక్కలోకి వస్తుంది. అదే 12 అంకెల యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీ ఖాతాకు బదిలీ చేసుకుంటే పాత సర్వీసూ కలుస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం నా అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట విజయవాడ గవర్నరుపేటలో నేను పనిచేసిన ఒక చోట ప్రతి నెలా స్లిప్‌లో పీఎఫ్ కోత కనిపించేది, ఖాతాలో మాత్రం ఏడు నెలలు పైసా పడలేదు. అడిగితే "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అన్నారు. కట్ చేసిన నెల మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి, జీతంలో కోసి కట్టకుండా ఉంచుకోవడం నమ్మకద్రోహం కిందికొచ్చే నేరం. స్లిప్‌లో ఉన్నంత మాత్రాన కట్టినట్టు కాదని, పాస్‌బుక్‌లో పడితేనే కట్టినట్టని నాకు అప్పుడు అర్థమైంది.

ఈఎస్ఐ: 135 రూపాయలకు ఏమొస్తుంది

నెల జీతం 21,000 దాకా ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. 2019 జూలై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే 135 మనం కడితే 585 వాళ్లు కడుతున్నారు. దీనికి బదులు ఉద్యోగికీ, ఆధారపడిన తల్లిదండ్రులతో సహా కుటుంబానికీ ఈఎస్ఐ డిస్పెన్సరీల్లో, ఆసుపత్రుల్లో వైద్యం, విజయవాడ వాళ్లకైతే గుణదలలో ఆసుపత్రి ఉంది. జబ్బుపడి పనికి పోలేకపోతే, నిర్ణీత రోజుల చందా కట్టి ఉన్నవాళ్లకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం నగదు కూడా వస్తుంది. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు.

"ఆ లైన్లలో ఎవరు నిలబడతారు, ఆ డబ్బుతో ప్రైవేటు పాలసీ తీసుకోవచ్చుగా" అనేవాళ్లను నేను తప్పు పట్టను, లైన్లు నిజమే. కానీ ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న అమ్మానాన్నలున్నవాళ్లకు నెలకు 135కు దొరికే ప్రైవేటు పాలసీ ఏదీ నాకైతే కనిపించలేదు.

జీతం మధ్యలో 21,000 దాటితే ఆ నెలే ఈఎస్ఐ ఆగిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు చందా కాలాలున్నాయి, దాటిన కాలం ముగిసేదాకా కోత కొనసాగుతుంది, వైద్యమూ కొనసాగుతుంది. "నాకు ఇంక్రిమెంట్ వచ్చింది, ఇంకా ఈఎస్ఐ ఎందుకు పట్టుకుంటున్నారు" అని పోట్లాడేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

వృత్తి పన్ను: స్లిప్‌లో ఉన్న ఒకే ఒక్క అసలు పన్ను

ఇది రాష్ట్రానిది. ఆంధ్రప్రదేశ్‌లో నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150, ఆపైన 200. అంతే. తెలంగాణలోనూ ఇవే రేట్లు.

విచిత్రమేమిటంటే, 20,001 వచ్చే కుర్రాడూ 200 కడతాడు, ఐదు లక్షలు తీసుకునే పెద్ద మేనేజరూ 200 కడతాడు. పైగా 15,000 జీతం ఒక్క రూపాయి పెరిగి 15,001 అయితే, పెరిగిన రూపాయికి 150 పోతాయి. ఇది చిన్న జీతగాళ్ల మీదే బరువు అన్న విమర్శ అందుకే. రాష్ట్రాల వాదన ఇంకోలా ఉంటుంది: రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఒక మనిషి మీద వృత్తి పన్ను ఏడాదికి 2,500 దాటకూడదు, 1988లో పెట్టిన ఆ పరిమితి ఇప్పటికీ అదే, పెద్ద జీతాల మీద ఎక్కువ వేయాలన్నా వేసే దారి లేదు. మన 200 పన్నెండు నెలలకు 2,400, గీతకు వంద రూపాయల ఇవతల ఆగింది.

కొత్త లేబర్ కోడ్‌లతో జీతం తగ్గుతుందా

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. అందులో జీతగాళ్లకు తగిలేది "వేతనం" అనే మాటకిచ్చిన కొత్త అర్థం. స్థూలంగా చెప్పాలంటే, అద్దె అలవెన్సు లాంటి బయట పెట్టే అలవెన్సులన్నీ కలిపి మొత్తం ప్రతిఫలంలో సగం దాటకూడదు, దాటితే ఆ దాటిన భాగాన్ని మళ్లీ వేతనంలో కలిపేస్తారు. వేతనం పెరిగితే దాని మీద లెక్కేసే పీఎఫ్, గ్రాట్యుటీ పెరుగుతాయి.

మా మేనకోడలికి దీంతో ఏమీ కాదు, ఆమె బేసిక్ ఇప్పటికే గ్రాస్‌లో సగానికి పైన ఉంది. ఇంకొకరిని ఊహిద్దాం. గ్రాస్ 40,000, బేసిక్ 10,000 మాత్రమే, మిగతా 30,000 అలవెన్సులు. పాత లెక్కలో పీఎఫ్ 1,200. కొత్త అర్థంలో వేతనం 20,000 అవుతుంది, కానీ పీఎఫ్ పరిమితి 15,000 కాబట్టి తప్పనిసరి కోత 1,800. చేతికొచ్చేది 600 తగ్గింది. కంపెనీ సీటీసీ పెంచకుండా తన వాటాలో పెరిగిన 600 కూడా అందులోంచే సర్దితే మొత్తం 1,200 తగ్గుతుంది.

అందుకే రెండు రకాల వార్తలూ కనిపించాయి. జీతం తగ్గుతుందన్నవాళ్లు ఇలాంటి చిన్న బేసిక్ వాళ్లను చూసి చెప్పారు. తగ్గదని కార్మిక శాఖ చెప్పింది ఇప్పటికే 15,000 పరిమితి మీద 1,800 కోత పడుతున్నవాళ్ల ఉదాహరణతో. రెండూ నిజమే, ఎవరి స్లిప్ గురించి మాట్లాడుతున్నారన్నదే తేడా. తగ్గిన డబ్బు పీఎఫ్, పెన్షన్లలో కనిపిస్తుంది, గ్రాట్యుటీ లెక్కా పెద్దదవుతుంది, పైగా నిర్ణీత కాలపు కాంట్రాక్టు ఉద్యోగులకు ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ అర్హత వస్తుంది. కానీ ఈ నెల అద్దె కట్టాల్సినవాడికి ఎప్పటిదో గ్రాట్యుటీ ఓదార్పు కాదు, ఆ బాధా నిజమే.

ఆదాయపు పన్ను: శ్లాబు వేరు, రిబేటు వేరు

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య భాగానికి 5 శాతం, 8 నుంచి 12కు 10, 12 నుంచి 16కు 15, అలా పైకి పోతూ 24 లక్షలు దాటిన భాగానికి 30 శాతం. మెట్లు ఎక్కినట్టు అన్నమాట, ఏ మెట్టు మీద ఉన్న డబ్బుకు ఆ మెట్టు రేటే. పై మెట్టు ఎక్కితే కింది మెట్ల మీద డబ్బుకు కూడా పై రేటు పడుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

మరి 12 లక్షల దాకా పన్ను లేదన్నారే? అది రిబేటు. పన్ను లెక్క వేశాక, ఆదాయం 12 లక్షలు దాటకపోతే వచ్చిన పన్నును, గరిష్ఠంగా 60,000 దాకా, మాఫీ చేస్తారు. జీతగాళ్లకు ముందే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతుంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా సున్నా.

క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో 6.60 లక్షల గ్రాస్ వచ్చిన కుర్రాడనుకోండి, నెలకు 55,000, బేసిక్ 27,500, మొత్తం బేసిక్ మీద పీఎఫ్ 3,300, వృత్తి పన్ను 200, ఈఎస్ఐ లేదు. చేతికి 51,500. పన్ను: 6,60,000లో 75,000 తీస్తే 5,85,000, శ్లాబు ప్రకారం 9,250, రిబేటుతో సున్నా. అదే కుర్రాడు పాత విధానం ఎంచుకుంటే? స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వృత్తి పన్ను 2,400, 80సీ (పొదుపులకిచ్చే మినహాయింపు) కింద పీఎఫ్ 39,600 తీస్తే 5,68,000. పాత విధానంలో రిబేటు 5 లక్షల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి పన్ను 26,100, దాని మీద 4 శాతం సెస్సు కలిపి 27,144. ఇంకో 68,000 పొదుపు చూపిస్తే అక్కడా సున్నాయే, కానీ సున్నా కోసం 68,000 కట్టేయడం ఏమిటి, కొత్తదానిలో ఏమీ చేయకుండానే సున్నా వస్తుంటే. ఫిబ్రవరి వస్తే చాలు "పన్ను మిగులుతుంది బాబూ" అంటూ పాలసీ కాగితాలతో ఇంటికొచ్చే దూరపు చుట్టాలుంటారే, ఈ జీతం దగ్గర వాళ్ల మాటలో పన్ను వరకు పస లేదు. ఇంటి అద్దె అలవెన్సు, ఇంటి అప్పు వడ్డీ లాంటివి భారీగా ఉన్న పెద్ద జీతాలకు పాత విధానం లెక్క వేసి చూడొచ్చు, మొదటి ఉద్యోగానికి ఆ అవసరం రావడం అరుదు.

12.75 దాటిన మరుక్షణం అరవై వేలు పడిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు. 13 లక్షల జీతం తీసుకోండి. 75,000 పోగా 12,25,000. శ్లాబు ప్రకారం పన్ను 63,750, కానీ 12 లక్షలు దాటింది 25,000 మాత్రమే కాబట్టి పన్ను కూడా 25,000 దగ్గర ఆపుతారు. సెస్సుతో 26,000.

టీడీఎస్: ఇంకా తేలని పన్నుకు అడ్వాన్సు

గుంటూరు అరండల్‌పేటలో ఉంటూ ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే నాలుగు నెలలు పనిచేశాడు, నెలకు 25,000 అన్నారు, 22,500 పడ్డాయి. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, వృత్తి పన్ను లేదు, పది శాతం మాత్రం పోయింది. ఎందుకంటే ఆ కంపెనీ అతణ్ని ఉద్యోగిగా కాకుండా ఫీజు తీసుకునే నిపుణుడిగా రాసుకుంది. నిపుణులకిచ్చే ఫీజు ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను, కోయాలి. పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో కలపక అది పనిచేయకపోయినా ఆ కోత 20 శాతానికి పోతుంది. అదే కంపెనీ జీతం కింద ఇచ్చి ఉంటే, ఏడాది మొత్తం ఆదాయం అంచనా వేసి, సున్నా వస్తుంది కాబట్టి రూపాయి కూడా కోసేది కాదు.

నాలుగు నెలల ఆదాయం లక్ష. పోయిన టీడీఎస్ 10,000. లక్షకు పన్ను సున్నా. కాబట్టి ఆ పదివేలు అతనివే, రిటర్ను వేస్తే వెనక్కి వస్తాయి, వేయకపోతే రావు. నాలుగు లక్షల లోపు ఆదాయమున్నవాళ్లు సాధారణంగా రిటర్ను వేయనక్కర్లేదన్న మాట నిజమే గానీ, ఆ మాట పట్టుకుని కూర్చుంటే రీఫండ్ పోతుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ అనే పన్ను కోతల పట్టిక చూస్తే ఎవరెవరు ఎంత కోసి మన పాన్ మీద కట్టారో కనిపిస్తుంది. ఇక్కడా అదే సూత్రం, స్లిప్‌లో కాదు, ఖాతాలో కనిపించాలి.

ఒకే రకం పనికి ఒకరిని ఉద్యోగి, ఒకరిని నిపుణుడు అని రాసుకోవడం సబబేనా? కంపెనీలు స్వేచ్ఛగా, సొంత వేళల్లో చేసే పని కాబట్టి ఫీజు అంటాయి. రోజూ తొమ్మిదింటికి లాగిన్ అవ్వాలి, సెలవుకు పర్మిషన్ అడగాలి అంటే అది ఉద్యోగమే, పీఎఫ్ తప్పించుకోడానికే ఈ పేరు అంటారు కార్మిక సంఘాల వాళ్లు. కోర్టుల దాకా వెళితే కాగితం మీద పేరుకన్నా పని చేయించుకునే తీరును చూస్తాయి. అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు పీఎఫ్ వర్తించదని చట్టమే చెబుతుంది.

స్కాలర్‌షిప్, స్టైపెండ్, ఇంటి నుంచి వచ్చే డబ్బు

చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. నాన్న ఫోన్‌పేలో పంపే హాస్టల్ డబ్బు మీ ఆదాయమే కాదు, ఎంత పంపినా సరే. ఇంటర్న్‌షిప్‌లో పనికి బదులుగా ఇచ్చే స్టైపెండ్ మాత్రం ఆదాయమే, పేరు స్టైపెండ్ అయినంత మాత్రాన మినహాయింపు రాదు, మొత్తం పరిమితి లోపల ఉంటే పన్ను సున్నా అవుతుందంతే.

విద్యార్థులకు నిజంగా దెబ్బ తగిలేది క్రిప్టోలో. కొత్త పన్ను విధానంలో అక్కడ 4 లక్షల పరిమితీ పనిచేయదు, రిబేటూ పనిచేయదు. వేరే ఆదాయం ఏమీ లేని విద్యార్థికి 20,000 లాభం వచ్చినా 30 శాతం, 6,000, సెస్సుతో 6,240 కట్టాలి. ఇంకో కాయిన్‌లో నష్టం వచ్చిందని దీనిలోంచి తీసేయడానికీ లేదు. షేర్లు ఏడాదిలోపు అమ్మితే వచ్చే లాభం మీద 20 శాతం రేటు, రిబేటు దీనికీ వర్తించదు, కాకపోతే మిగతా ఆదాయం 4 లక్షల కన్నా తక్కువుంటే ఆ మిగిలిన ఖాళీలో ఈ లాభాన్ని సర్దుకోవచ్చు.

ఇక "నేనింకా పన్ను కట్టే వయసుకు రాలేదు" అనేవాళ్లకు ఒక మాట. 299 రూపాయల మొబైల్ రీచార్జి చేయించిన ప్రతిసారీ అందులో 45.61 జీఎస్టీయే, కోచింగ్ ఫీజు మీదా 18 శాతం. దానికి పే స్లిప్ అక్కర్లేదు.

రెండో నెల

పండగ సీజన్ కదా, రెండో నెల మా మేనకోడలికి 2,500 ఓవర్‌టైం వచ్చింది. గ్రాస్ 20,500. పీఎఫ్ మారలేదు, ఓవర్‌టైం దాని లెక్కలోకి రాదు. ఆమె స్లిప్‌లో ఈఎస్ఐ లెక్కలో మాత్రం కలిపారు, 154 అయింది. 20,000 దాటింది కాబట్టి వృత్తి పన్ను 200. చేతికి 18,706. ఈసారి ఏడుపు లేదు, లెక్క తనే చేసి పంపింది. మొదటి నెల పీఎఫ్ పాస్‌బుక్‌లో ఎక్కిందని స్క్రీన్‌షాట్ కూడా పెట్టింది, 1,440, 440, పెన్షన్ 1,000, మూడు గడులూ సరిపోయాయి.

ఆదివారం ఊరొచ్చినప్పుడు వాళ్ల తాతకు ఫోన్‌లో అది చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని అంకెలన్నీ ఒకటికి రెండుసార్లు చదివాడు.

"అంతా బానే ఉంది గానీ, తరుగెంత తీశారమ్మా?"

"ఇక్కడ తరుగుండదు తాతయ్యా."

ఆయన నమ్మలేదు. ఇంకోసారి పైనుంచి చదవమన్నాడు.